చిక్కుడు పాదుకి కాపలా

మా వెలంపూడిని ఆదర్శ సహజ జీవన పట్టణంగా ప్రకటించిన రోజున నేను కొట్లో దేవుడి పటాలన్నిటికీ కొత్త దండలు వేశాను. నిజంగానే సంతోషించాను. నాది పూజా సామాన్ల కొట్టు. పసుపు, కుంకుమ, ఒత్తులు, కర్పూరం అమ్ముకుని బతికేవాణ్ణి. చదువు పదో తరగతితో ఆగిపోయింది. అలాంటివాడికి, నాటు విత్తనం మంచిదని, ఇంటి మందు మంచిదని, చేత్తో చేసుకున్న వస్తువు మంచిదని పెద్ద పెద్ద ఆఫీసర్లు మైకులో చెబుతుంటే ఎలా ఉంటుంది? మా అమ్మ జీవితమంతా చెప్పిన మాటలకి ఇన్నాళ్ళకి రాజముద్ర పడిందనుకున్నాను.

ఆ పని చూడడానికి సహజ జీవన ప్రాధికార సంస్థ అని ఒకటి మా ఊరికి వచ్చింది. మూతపడిన సినిమా హాల్లో ఆఫీసు పెట్టుకున్నారు. గోడలకి పేడతో అలికినట్టు కనిపించే రంగు వేయించారు. నిజం పేడ అలికితే ఏసీ గాలికి పెచ్చులు లేస్తుందట.

ఆ ఆఫీసుకి పెద్ద, ప్రాంతీయ సంరక్షణాధికారి విద్యాధరరావు గారు. నేత పంచె, మెడలో తులసి పూసలు, చేతిలో రాగి చెంబు. మాట మెల్లగా, బరువుగా ఉండేది. ఒక్కొక్క మాటనీ కింద పెట్టి, అది కదలకుండా ఉందో లేదో చూసుకుని, తరువాతి మాట తీసేవారు.

వస్తూనే విత్తన సేకరణ చేపట్టారు. అది జ్యేష్ఠమాసం. "మీ ఇళ్ళలో ఉట్ల మీదా, బూడిద డబ్బాల్లోనూ అశాస్త్రీయంగా మగ్గిపోతున్న వారసత్వ విత్తన సంపదను సంస్థకు అప్పగించవలసిందిగా కోరడమైనది. ప్రతిగా సంస్థ ధ్రువీకరించిన విత్తనం సకాలంలో అందజేయబడును" అని ఆటోలో మైకు పెట్టి ఊరంతా చెప్పించారు. ఆ ఆటో మా పక్కింటి గున్నేశ్వరరావుదే. అతనే మొదట తన ఇంట్లోని బీర, దోస, ఆనప విత్తనాలన్నీ ఊడ్చి ఇచ్చాడు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఏటా మా దగ్గర పట్టుకెళ్ళే చిక్కుడు విత్తనం కూడా అలాగే వెళ్ళిపోయింది. నేనూ మా డబ్బా ఇచ్చేశాను. కాకపోతే మా ఆవిడ రత్నావతి, తొలి చినుకు పడగానే పెరట్లో పందిరి మొదట్లో కొన్ని గింజలు అప్పటికే పాతేసింది.

సంస్థ ఇస్తానన్న విత్తనం కార్తీకంలో వచ్చింది. చిక్కుడు పాతేది ఆషాఢంలో. అయినా ఇచ్చారు కదా అని పాతినవాళ్ళకి ఒక్కటీ మొలవలేదు. నేను సంగతి కనుక్కుందామని ఆఫీసుకి వెళ్ళాను. ఊరి విత్తనాలన్నీ అక్కడ అద్దాల బీరువాలో, సీసాల్లో తళతళలాడుతూ ఉన్నాయి.

"ఇంత మెరుస్తున్నాయేంటండీ" అన్నాను.

"స్థిరీకరణ చేశాం. మొదట పెనం మీద సన్నని సెగన వేయించి, పిమ్మట వార్నిష్ పట్టించాం. ఇక నూరేళ్ళయినా పురుగు ముట్టదు" అన్నారు విద్యాధరరావు గారు.

"వేయిస్తే మొలకెత్తవు కదండీ."

ఆయన నా వంక జాలిగా చూశారు. "సోమలింగం గారూ, మొలకెత్తితే భద్రపరిచినట్టు ఎలా అవుతుందండీ? మొలకెత్తిన మరుక్షణం విత్తనం పోతుంది. దాన్నే మేము నష్టం అంటాం."

నేను ఇంటికి వచ్చి ఆలోచించాను. దేవుడు విత్తనాన్ని చేసినప్పుడు ఈ నష్టం సంగతి చూసుకోలేదా అనిపించింది. కాని పెద్ద చదువులు చదివినవాళ్ళకి తెలియనిది నాకు తెలుస్తుందా అని ఊరుకున్నాను.

రత్నావతి ఊరుకోలేదు. "అయితే ఊరు మొత్తం మీద అత్తయ్యగారి చిక్కుడు ఇక మన పందిరి మీద ఉన్నదేనన్నమాట. ఈసారి కాయలు కూరకి తక్కువ కోసి, విత్తనానికి ఎక్కువ వదలాలి" అంది.

మా అమ్మ కాపరానికి వస్తూ పుట్టింటి నుంచి కొంగున ముడేసుకుని తెచ్చుకున్న విత్తనం అది. కాయ పొట్టిగా, అంచున ఊదా గీతతో ఉంటుంది. అమ్మ పోయాక ఆమె చేతి వస్తువులు ఒక్కొక్కటే పోయాయి. ఇది మాత్రం ఏటా మళ్ళీ మొలుస్తూ వచ్చింది.

ఈలోగా సంస్థ రెండో విడత పని ఇంటి వైద్యం మీద మొదలుపెట్టింది. ఇంటి మందు ఎవరు పడితే వాళ్ళు ఇవ్వకూడదని, అందుకు ధ్రువీకృత అమ్మమ్మలు ఉండాలని తీర్మానించారు. గున్నేశ్వరరావు తల్లి బుల్లెమ్మ గారు మా వీధి పిల్లలందరికీ వాము కషాయం పోసి పెంచిన మనిషి. కొడుకు బలవంతం మీద పరీక్షకి వెళ్ళారు.

"కషాయమునందు వాము ఎంత వేయవలెను?" అని అడిగారట.

"చిటికెడు."

"ఎవరి చిటికె?"

"నాదే బాబూ. ఇంకెవరి చిటికైనా నేనెలా తెచ్చేది?"

ఆవిడ తప్పారు. కోచింగు సెంటర్లో చదివి వచ్చిన పాతికేళ్ళ అమ్మాయి ఒకతె నెగ్గి, మా వార్డుకి అమ్మమ్మగా వచ్చింది. పెళ్ళింకా కాలేదు. నాకు దగ్గు పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్తే, పదిన్నర నుంచి ఐదు వరకే అమ్మమ్మ ఉంటుందని బోర్డు పెట్టి ఉంది. దగ్గు ఎక్కువ వచ్చేది తెల్లవారుజామున. బుల్లెమ్మ గారు గోడ మీంచి గ్లాసు అందిస్తూ, "ఇది కషాయం కాదు, కాఫీ అని చెప్పు ఎవరైనా అడిగితే. లేకపోతే నామీద కేసు పెడతారు" అన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే విద్యాధరరావు గారు వారసత్వ మొక్కల సర్వే చేస్తూ మా పెరట్లోకి వచ్చారు. పందిరి నిండా చిక్కుడు పూత మీద ఉంది.

"ఈ పాదు వయసెంత?"

"ఆషాఢానికి ముందు పెట్టామండి. ఆరు నెలలు ఉంటుంది."

ఆయన మొహం చిన్నబోయింది. నేను ఆయన్ని నొప్పించడం ఎందుకని, "విత్తనం మాత్రం మా అమ్మగారు పుట్టింటి నుంచి తెచ్చిందండి. డెబ్బై ఏళ్ళ నాటిది. ఏటా దీని కాయల్లోంచే గింజ తీసి మళ్ళీ పెట్టుకుంటాం" అన్నాను.

"అంటే డెబ్బై ఏళ్ళ వంశం."

"వంశం డెబ్బైయేనండి. పాదు మాత్రం ఏటా ఎండిపోతుంది."

"మీరు వంశాన్నీ పాదునీ విడదీసి మాట్లాడుతున్నారు. సంస్థ సమగ్ర దృక్పథంతో చూస్తుంది" అని, వెనక నిలబడ్డ గుమాస్తా వైపు తిరిగి, "డెబ్బై ఏళ్ళ పాదు అని రాయవయ్యా" అన్నారు.

"విత్తనం అని రాయించండి బాబూ" అన్నాను.

"విత్తనాలు సేకరణ విభాగం కిందికి వస్తాయి. సర్వే విభాగం మొక్కలకే పరిమితం. ఒకరి పరిధిలోకి ఒకరు చొరబడితే పరిపాలన ఎలా సాగుతుంది?"

మర్నాడు పాదు చుట్టూ ఇనుప కంచె వేశారు. బోర్డు పెట్టారు. వారసత్వ పాదు. తాకరాదు. కోయరాదు. వండరాదు. నూకరాజు అనే కాపలా మనిషిని కుర్చీతో సహా మా పెరట్లో కూర్చోబెట్టారు.

రత్నావతి వెళ్ళి ఆఫీసరు గారిని అడిగింది. "తినకూడని దాన్ని ఎందుకండీ పెంచడం?"

"అమ్మా, వాడకం వల్లనే వారసత్వం తరిగిపోతోంది. పూర్వులు తిని తినే ఇంత నష్టం చేశారు. ఇకనుంచి ఇది దర్శనార్థం."

"రోజూ చూసి దణ్ణం పెట్టుకోమంటారా?"

"కంచె బయట నుంచి పెట్టుకోవచ్చు."

ఆ వారంలోనే గున్నేశ్వరరావు వాళ్ళ కరివేపాకు చెట్టుకీ, ఎదురింటివాళ్ళ నాటు గోంగూర మడికీ బోర్డులు వచ్చాయి. కరివేపాకు రెబ్బ కోసినందుకు గున్నేశ్వరరావుకి నోటీసు కూడా వచ్చింది. అతను చేతులు కట్టుకుని, "మా అమ్మ పోపు వేస్తూ మర్చిపోయి కోసేసిందండి, ఆయ్" అని చెబితే, మరుపుకి ధ్రువీకృత అమ్మమ్మ దగ్గర చికిత్స చేయించమని రాసి పంపారు.

సంక్రాంతి వెళ్ళింది. పందిరి మీద కాయలు ముదిరాయి. కింది కొమ్మలవి పండి, ఎండి, గలగలలాడడం మొదలుపెట్టాయి. విత్తనానికి తీసుకోవలసిన సమయం. వాటిని తీయకపోతే తొక్క చిట్లి గింజ నేల పాలవుతుంది. రాలిన ప్రతి కాయనీ నూకరాజు ఏరి సంచిలో వేసి సాయంత్రం ఆఫీసుకి పట్టుకెళ్ళేవాడు. అక్కడ పెనం సిద్ధంగా ఉండేది.

"ఒక్క కాయ ఇవ్వు నాయనా" అని రత్నావతి అడిగింది.

"ఇస్తానమ్మా, నాదేం పోయింది. కాని సాయంత్రం నా జేబులు తడుముతారు. మొన్న పొగాకు కాడ కనబడితే అది ఏ వారసత్వం అని అరగంట నిలబెట్టారు" అన్నాడతను.

ఆమె ఆ రోజు అన్నం సరిగా తినలేదు. "అత్తయ్యగారు పోయేటప్పుడు నా చేతిలో పెట్టింది ఆ విత్తనాల డబ్బా ఒక్కటే. నగలు పెద్ద కోడలికి ఇచ్చారు. నాకు అదే ఎక్కువ అనుకున్నాను. ఇప్పుడు నా చేతుల్లోనే పోతోంది" అంది.

రథసప్తమి దగ్గరికి వచ్చింది. ఆ రోజున చిక్కుడు కాయలకి చీపురు పుల్లలు గుచ్చి రథం చేసి, ఎండలో పిడకల మీద పాలు పొంగించి, పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో సూర్యుడికి నైవేద్యం పెట్టడం మా ఇంటి ఆచారం. ఏడు ఆకులూ, కాసిని కాయలూ ఇప్పించమని ఆఫీసుకి వెళ్ళి అడిగాను. కాయలు చేతికి వస్తే రెండు ఎండువి కూడా వస్తాయని నా ఆశ.

విద్యాధరరావు గారు ఎంతో ఆదరంగా ఒక అట్టపెట్టె ఇచ్చారు. అందులో ఫైబరుతో చేసిన పచ్చని చిక్కుడు రథం, ఏడు ప్లాస్టిక్ ఆకులు ఉన్నాయి.

"మా చేతివృత్తుల విభాగం రూపకల్పన. ఉతకవచ్చు. వచ్చే ఏడాదికీ వాడుకోవచ్చు."

"ప్లాస్టిక్ ఆకులో నైవేద్యం సూర్యభగవానుడికి పెట్టొచ్చాండీ?"

"వేడి తగలకుండా చూసుకోండి. సూర్యకాంతిలో ఎక్కువసేపు ఉంచరాదని పెట్టె మీద రాశాం."

నేను ఆ పెట్టె తీసుకుని ఇంటికి వచ్చి అటక మీద పెట్టాను. బజారు చిక్కుడుతో పూజ చేసుకుంటే స్వామి కాదంటాడా? అనడు. పూజకి లోటు లేదు. మా బెంగ గింజ గురించి.

పండగ నాలుగు రోజులు ఉందనగా విద్యాధరరావు గారే ఆటో దిగి మా ఇంటికి వచ్చారు. మనిషి కంగారుగా ఉన్నారు. సంస్థ అధ్యక్షులవారు రాజధాని నుంచి వచ్చి, వారసత్వ పాదు దగ్గర రథసప్తమి జరుపుకుంటారట. మనిషెత్తు చిక్కుడు రథం కావాలట.

"మా చేతివృత్తులవాళ్ళకి ఫైబరుతో చేయడమే వచ్చు. మీరు చేసిపెట్టాలి, సోమలింగం గారూ."

"కాయలు కోయకూడదు కదండీ."

"సంస్థాపరమైన కార్యక్రమాలకు నిబంధనల నుంచి పూర్తి మినహాయింపు కలదు."

రత్నావతి తలుపు చాటు నుంచి, "పందిరంతా దూసేస్తారా?" అంది.

"పరిరక్షణ ఎంత ఘనంగా జరుగుతోందో ప్రజలకు తెలియాలి కదమ్మా."

ఆ రోజు వచ్చింది. నూకరాజు నిచ్చెన వేసుకుని కాయలన్నీ కోశాడు. ఇంతకాలం కాపలా కాసిన కసి అంతా తీర్చుకున్నాడు. ఆకులు కూడా దూసి గంపల కెత్తాడు. ఎండు కాయలు ఎక్కడ కనబడినా గుమాస్తా విడిగా తీసి పెనానికి పంపిస్తున్నాడు. పందిరి నెత్తిన, చేయి అందని చోట, ఒక్కటి మిగిలింది. నేను వెదురు బద్దలకి పచ్చి కాయలు గుచ్చుతూ దాని వంకే చూస్తున్నాను. రథం పూర్తయింది.

"ధ్వజానికి ఆ ఎండు కాయ కావాలండి" అన్నాను.

విద్యాధరరావు గారు కనుబొమలు ఎగరేశారు. "ధ్వజానికి ఎండు కాయ అని ప్రమాణం ఏదైనా ఉందా?"

అబద్ధం ఆడడం నాకు చేతకాదు. అందులోనూ పండగ పూట. "మా ఇంట్లో ఇవాళ్టి నుంచి ఆచారం అండి" అన్నాను.

ఆయన గుమాస్తాతో, "ఆచారం అని రాసుకో" అన్నారు. నూకరాజు ఆ కాయ తెచ్చి ఇచ్చాడు. చెవి దగ్గర పెట్టి ఆడించాను. లోపల గింజలు పలికాయి. పుల్లకి గుచ్చి రథం కొసన నిలబెట్టాను.

అధ్యక్షులవారు పదకొండు దాటాక వచ్చారు. పాలు పొంగాయి. రత్నావతి పరమాన్నం వండింది. పక్కనే ఒకతను వార్నిష్ డబ్బా, బ్రష్షు పట్టుకుని నిలబడ్డాడు. పూజ కాగానే రథానికి పట్టించి ఆఫీసుకి తరలించాలని ఉత్తర్వు. అధ్యక్షులవారు మైకు అందుకున్నారు. మన వారసత్వాన్ని మన తరువాతి తరాలకు యథాతథంగా అందించాలని అరగంట చెప్పారు. ఆయన వెనక పందిరి బోడిగా, పుల్లలు పుల్లలుగా నిలబడి వింది.

హారతి ఇచ్చాను. కళ్ళకద్దుకున్నాను. తరువాత చేయి చాపి రథం కొసనున్న ఎండు కాయని తీసి, అదీ కళ్ళకద్దుకుని, పంచె మడతలో దోపుకున్నాను. ఇంటి యజమానిగా ఏటా పూజయ్యాక రథం మీద నుంచి ఒక కాయ తీసుకోవడం నాకు అలవాటే.

"ఆగండి. అది సంస్థ ఆస్తి" అన్నారు విద్యాధరరావు గారు.

"కోసినప్పుడు సంస్థదేనండి. స్వామికి సమర్పించాక ప్రసాదం అయిపోయింది కదండీ."

ఆయన సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి తిరగేశారు. మొక్క ఉంది. ఆకు, పువ్వు, కాయ, బెరడు, వేరు ఉన్నాయి. ప్రసాదం లేదు. వార్నిష్ అతను బ్రష్షు ముంచి చూస్తున్నాడు. పరమాన్నం ఆకు చేతిలో పట్టుకున్న అధ్యక్షులవారికి ఆకలి ముదిరింది.

"ప్రసాదం ఎవరి పరిధండీ?" అన్నారాయన విసుగ్గా.

"దేవాదాయం వారిదండి."

"మరి వేరే శాఖవారి దాంట్లో మనం వేలు పెట్టడం ఏమిటయ్యా? తీసుకోనివ్వండి. కూర్చోండి, తిందాం."

రత్నావతి పరమాన్నం వడ్డిస్తూ నా పంచె మడత వంక ఒకసారి చూసింది. ఆ పూట ఆఫీసువాళ్ళందరికీ అడిగిన వాళ్ళకి అడిగినంత వేసింది.

ఫాల్గుణం వచ్చేసరికి పాదు ఎండిపోయింది. ఏటా ఎండిపోయేదే. కాని ఈసారి విచారణ సంఘం వచ్చింది. డెబ్బై ఏళ్ళు బతికిన పాదు, సంస్థ చేతికి వచ్చిన మొదటి ఏడే ఎలా చనిపోయిందని వాళ్ళు నన్ను కూర్చోబెట్టి అడిగారు.

"దాని కాలం తీరిందండి" అన్నాను.

"మీకు ఎవరి మీదైనా అనుమానం ఉందా?"

"ఎండల మీదండి."

వాళ్ళు మూడు రోజులు మాట్లాడుకుని, పాదు చనిపోలేదనీ, దీర్ఘకాలిక విశ్రాంతిలో ఉన్నదనీ తేల్చారు. చనిపోయిందంటే ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. విశ్రాంతికి ఎవరూ బాధ్యులు కానక్కర్లేదు. ఎండిన తీగకి ఆకుపచ్చ రంగు వేయించారు. నూకరాజుని అలాగే ఉంచారు. అతను కంచె మీద తువ్వాలు ఆరేసుకుని, విశ్రాంతి తీసుకుంటున్న పాదు పక్కన తనూ విశ్రాంతి తీసుకుంటున్నాడు.

ఆషాఢంలో రత్నావతి ఆ కాయ విప్పింది. దేవుడి దగ్గర పెట్టి, దణ్ణం పెట్టుకుని, కొన్ని గింజలు వంటింటి వెనక పాతింది. మిగిలినవి బుల్లెమ్మ గారికీ, ఎదురింటికీ గోడ మీంచి ఇచ్చింది. ఈసారి ఒక్కచోటే ఉంచదలుచుకోలేదామె. అన్నీ మొలిచాయి.

ఈలోగా ఊళ్ళో వాళ్ళు కూడా ఒక ఉపాయం నేర్చుకున్నారు. సర్వేవాళ్ళు గుమ్మంలోకి రాగానే, "మాదంతా హైబ్రిడ్డేనండి, బస్తీలో కొన్నాం, ఆయ్" అంటున్నారు. గున్నేశ్వరరావు తన కరివేపాకు చెట్టు పక్కన ఖాళీ ఎరువుల సంచీ ఒకటి కనబడేలా పడేశాడు. ఎదురింటివాళ్ళు నాటు గోంగూరకి, ఏదో కంపెనీ పేరులా వినిపించే పేరు పెట్టి పిలుస్తున్నారు. బోర్డులు పెట్టినవి సహా హైబ్రిడ్డన్నవన్నీ సర్వేవాళ్ళు కొట్టేయగా, సంస్థ లెక్కల్లో ఇప్పుడు వెలంపూడిలో నాటు మొక్క ఒకే ఒక్కటి ఉంది. మా పెరట్లో రంగు వేసినది.

మార్గశిరంలో ఒక మధ్యాహ్నం విద్యాధరరావు గారు రంగు ఎలా ఉందో చూడడానికి వచ్చారు. ఎండగా ఉంది. భోజనం వేళ. వచ్చిన మనిషిని అన్నం తినకుండా పంపడం మా ఇంట్లో లేదు. పీట వేశాం. ఆయన కూర్చుంటూ వంటింటి కిటికీలోంచి కొత్త పందిరిని చూశారు.

"ఆ చిక్కుడు ఎక్కడిది?"

ఊళ్ళో అందరూ అనే మాటే నోటిదాకా వచ్చింది. కాని విస్తట్లో అన్నం ఉంది, ఎదురుగా దేవుడి గూడు ఉంది.

"ప్రసాదమండి" అన్నాను.

ఆయన "మా పరిధి కాదన్నమాట" అని కూర కలుపుకున్నారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగారు. రెండో ముద్దకి రాగి చెంబు పక్కన పెట్టారు. మూడో ముద్దకి కళ్ళు మూసుకున్నారు. ఇంత పెద్ద సంరక్షణాధికారి, నాటు చిక్కుడు కూర తినడం అదే మొదటిసారి కాబోలు అనిపించింది.

"ఇంకొంచెం వెయ్యండమ్మా. చాలా బాగుంది. ఇది ఏ రకం?"

రత్నావతి గరిటె నిండా తీసి ఆయన విస్తట్లో వేసింది.

"తినే రకమండి" అంది.